ప్రతినిధి నిద్ర

సెలవు ఎలా వాడుకోవాలో మా మున్సిపాలిటీకి ఎవరూ నేర్పక్కర్లేదని నేను చాలా ఏళ్ళు నమ్మాను. మా సంతరాయవలస పురపాలక కార్యాలయంలో మామూలు రోజుల్లోనే కుర్చీల మీద తువ్వాళ్ళుంటాయి, మనుషులుండరు. అలాంటి మాకు, మే డే నాడు విశ్రాంతి ఎలా తీసుకోవాలో వివరిస్తూ పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. టపాలో దాన్ని చూసి, ఏ ఆసుపత్రికో పోవలసింది దారి తప్పి మాకొచ్చిందనుకున్నాను.

కాదు, మాకే. పారిశుధ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని గనుక, దాన్ని కమిషనర్ జయశీలరావు గారికి చదివి వినిపించే భాగ్యం కూడా నాకే దక్కింది.

"అంతర్జాతీయ కార్మిక దినోత్సవ మూలసూత్రమైన ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటల సొంత ఇష్టం అను త్రివిధ విభజనను క్షేత్రస్థాయిలో ఆచరించి చూపవలెను. మే ఒకటవ తేదీన పారిశుధ్య కార్మికులు ఎనిమిది గంటల నిరంతరాయ నిద్ర పొందునట్లు తగు చర్యలు గైకొని, గంటకొక ఫోటో చొప్పున యాప్‌లో పెట్టవలెను. నిద్రకు అంతరాయం కలిగించిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

మా శాఖలో ఒక ఆచారం ఉంది. ఫోటో లేనిదే ఏ పనీ జరిగినట్టు కాదు. మొక్క నాటితే ఫోటో పంపుతాం, అది బతికిందా అని ఎవరూ అడగరు. కాలవలో పూడిక తీస్తే ఫోటో పంపుతాం, ఫోటో బాగా వస్తే పూడిక తియ్యకపోయినా ఫరవాలేదు. ఒకే కుక్కని నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి నాలుగు కుక్కలకి సూదిమందు వేశామని చూపించిన ఘనత మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ వైకుంఠరావుది. అలాంటి శాఖ నిద్రని కూడా ఫోటో తీసి పంపమనడంలో వింతేమీ లేదు.

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"త్రినాథరావ్, వీళ్ళందరూ పడుకుంటే ఎలాగయ్యా?"

"ఒక్కరోజు ఊడవకపోతే ఊరికేమవుతుంది సార్?"

"ఊరి సంగతి కాదు. ఉత్సవం సంగతి. ఆర్.డి. గారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. షామియానా ఎవరు వేస్తారు? కుర్చీలు ఎవరు మోస్తారు? కార్మికులంతా పడుకుంటే కార్మిక దినోత్సవం ఎవరు చేస్తారు?"

ఆర్.డి. గారంటే ప్రాంతీయ సంచాలకులు, మా కమిషనర్ గారికి పై అధికారి. ఆయన వస్తున్నారంటే మా ఊళ్ళో ఎండిపోయిన మొక్కలకి కూడా రంగు వేస్తారు. ఇది నిజంగానే జటిలమైన సమస్య. కమిషనర్ గారు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి, పరిష్కారం దొరికినవాడిలా వెనక్కి తిరిగారు.

"ఊళ్ళో జనమంతా వెళ్ళి శాసనసభలో కూర్చుంటున్నారా? తమ తరఫున ఒకర్ని పంపించి ఇంటి దగ్గర తమ పని తాము చూసుకుంటున్నారు. నిద్రకి మాత్రం వేరే సూత్రం ఎందుకుండాలి? అందరి తరఫునా ఒకరు నిద్రపోతారు. మిగతావాళ్ళు ఆ నిద్రకి ఏర్పాట్లు చూస్తారు. 'ప్రతినిధి నిద్ర' అని ఫైలు తెరువు."

నేను తెరిచాను.

ఉత్సవంలో ఆర్.డి. గారు ఉపన్యాసంగా చదవడానికి మే డే చరిత్ర మీద ఒక వ్యాసం కూడా రాయమన్నారు. నేను గ్రంథాలయానికి వెళ్ళి, చదివి, శ్రద్ధగా రాశాను. అమెరికాలో చికాగో నగరంలో పద్ధెనిమిది వందల ఎనభై ఆరులో, పది పన్నెండు గంటలు గొడ్డుచాకిరీ చేస్తున్న కార్మికులు ఎనిమిది గంటల పని కోసం మే ఒకటిన సమ్మెకి దిగారు. మూడు రోజులు పోయాక ఒక సభలో బాంబు పేలింది. ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. ఆ పేరు చెప్పి నలుగురిని ఉరి తీశారు. వాళ్ళ జ్ఞాపకంగా ప్రపంచమంతా మే ఒకటిన పండగ చేసుకుంటుంది. ఇదీ నేను రాసింది.

కమిషనర్ గారు ఎర్ర పెన్ను తీశారు. ఆ ఉత్సవంలో ఎరుపన్నది అంతవరకే కనిపించింది.

"సమ్మె అంటావేంటి? ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. 'కార్మికులు సామూహికంగా సెలవు చీటీలు సమర్పించారు' అని మార్చు. బాంబు వద్దు. 'సభాస్థలిలో అవాంఛనీయ శబ్దం సంభవించింది' అను."

"మరి ఉరి సార్?"

ఆయన ఆలోచించారు. "'సర్వీసు నుంచి శాశ్వతంగా తొలగింపబడ్డారు' అని రాయి. విషయం మారలేదు కదా."

విషయం మారలేదని నేను ఒప్పుకున్నాను. ఉద్యోగం చేసుకునేవాడు ఒప్పుకోవాలి.

తరువాత ప్రతినిధిని ఎన్నుకోవాలి. కమిషనర్ గారు దానికి అర్హతలు నిర్ణయించారు: ప్రతినిధిగా నిద్రపోయే వ్యక్తి మీద పని వేళల్లో కునుకు తీసినట్టు ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు. వైకుంఠరావు చేతిలో మెమో తినని కార్మికుడు మా ఊళ్ళో లేడు. ఎవరు చెట్టు నీడన చీపురు పక్కన పెట్టినా ఆయన కంటబడతారు, ఆయన మాత్రం ఎవరి కంటా పడడు. అన్నీ వడపోస్తే ఒక్క పేరు మిగిలింది. బస్టాండు రోడ్డు ఊడ్చే అసిరమ్మ. ఆమె కూర్చోగా చూసినవాళ్ళు కార్యాలయంలో ఎవరూ లేరు. ఆ విధంగా, జన్మలో ఎన్నడూ విశ్రాంతి తీసుకోని మనిషి విశ్రాంతికి అత్యంత అర్హురాలని తేలింది.

అసిరమ్మని పిలిపించారు. పొట్టి మనిషి, నెత్తిన తలగుడ్డ, చెంగు నడుముకి బిగించి ఉంది. సంగతి విని ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు.

అంతకు ముందు వారమే ఆమె మే ఒకటిన సెలవు కావాలని నా దగ్గరికొచ్చింది. పారిశుధ్యం అత్యవసర సేవ గనుక మే డే నాడు కూడా వాళ్ళు చీపురు పట్టాల్సిందే. ఆమె కూతురు గౌరి, బస్టాండు రోడ్డులో ఇడ్లీ బండి పెట్టుకుంటోంది. మే ఒకటి సాయంత్రం అయిదున్నరకి పొయ్యి వెలిగించే ముహూర్తం. నేను ఆమె సెలవు చీటీ కమిషనర్ గారి సంతకానికి పంపాను. అది తిరిగొచ్చింది. "మే ఒకటి సెలవు దినమైనందున ఆ దినమున సెలవు కోరుట నిబంధనలు అనుమతించవు" అని దాని మీద రాసి ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకే గదిలో కూర్చుని, ఒకే సంతకం పెట్టారు.

"బాబూ, నన్నొగ్గీయండి," అంది అసిరమ్మ కమిషనర్ గారితో. "ఆ పొద్దు మా గుంట బండెట్టుకుంతంది. నా సేత్తోనే పొయ్యెలిగించాలని పట్టు అది."

"ఎవరి చేత్తో వెలిగిస్తే ఏముందమ్మా, మంట ఒకటే కదా."

"సిన్నపుడు ఏ పొద్దూ ఏడికూడు తిననేదు బాబూ అది. తెల్లారగట్లే నాను డూటీకి పోతే, సద్దికూడు తిని బళ్ళోకెళ్ళీది. పొద్దున్నపూట అమ్మ పొయ్యెలిగించడం దాని కళ్ళతో సూణ్ణేదు. అందుకని కోరుకుంది."

నాకైతే తలెత్తి ఆమెను చూడాలనిపించలేదు. కమిషనర్ గారు కూడా మెత్తబడ్డారు. "నీ నిద్ర ఎంతసేపమ్మా? ఫోటో, ఉపన్యాసం, వందన సమర్పణ. పదకొండుకల్లా నిన్ను లేపేస్తాం. కార్మికలోకం తరఫున ఈ త్యాగం చెయ్యి," అన్నారు.

"మరి ఎనిమిది గంటలు అని ఉంది సార్ ఉత్తర్వులో," అన్నాను.

"అది స్ఫూర్తి," అన్నారాయన.

రిహార్సల్ మున్సిపల్ హైస్కూలు మైదానంలో పెట్టారు. వేదిక మీద పట్టెమంచం, దాని మీద కమిషనర్ గారి అతిథి గృహం నుంచి తెచ్చిన పరుపు. అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు కాళ్ళతో వచ్చింది.

నిద్రపోయే మనిషికి తలా ఉంటుంది, కాళ్ళూ ఉంటాయి. తల పడమరకి పెడితే కాళ్ళు తూర్పున ఆర్.డి. గారి కుర్చీ వైపు వస్తాయి. పారిశుధ్య కార్మికురాలు ప్రాంతీయ సంచాలకుల మొహం మీదికి కాళ్ళు చాపడం ఏ నిబంధన ప్రకారం కుదురుతుంది? తల తూర్పుకి పెడితే కాళ్ళు పడమట వైపు ముందు వరసలో కౌన్సిలర్లకి తగులుతాయి. వాళ్ళు కాళ్ళు పట్టించుకునేవాళ్ళే గాని కాళ్ళు చూసి ఊరుకునేవాళ్ళు కాదు. దక్షిణానికి తల పెడితే ఉత్తరాన దేశనాయకుల పటాలున్నాయి. ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అసిరమ్మ మంచం పక్కన నిలబడి ఉండగా మేమంతా మంచాన్ని గడియారం ముల్లులా తిప్పాం.

"మనిషిని కూచోబెట్టి నిద్రపొమ్మంటే?" అన్నాడు వైకుంఠరావు.

"అది మనం ఆఫీసులో చేసేది. విశ్రాంతి కిందికి రాదు," అన్నారు కమిషనర్ గారు.

చివరికి దేశనాయకులని పక్కకి జరిపి, ఉత్తరం వైపు విలేకరుల కుర్చీలు వేశాం. వాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది కాళ్ళ దగ్గర కూర్చున్నారు గనుక ఏమీ అనుకోరని కమిషనర్ గారి అంచనా. అది తప్పు కాలేదు.

తీరా చేస్తే అసిరమ్మకి నిద్ర రాదు. నడుం వాల్చడం, లేచి కూర్చోవడం. కాసేపటికి చూస్తే మంచం ఖాళీ, ఆమె వేదిక మీద ఆకులు ఊడుస్తోంది.

"విశ్రాంతి తీసుకోమంటే ఊడుస్తావేంటి అసిరమ్మా?" అన్నాడు వైకుంఠరావు విసుగ్గా.

"ఆకులు కనిపిత్తంటే కన్ను మూతడదు బాబూ. పగటేల తొంగుంటే జబ్బు సేసినట్టుంతాది."

వైకుంఠరావు జీవితంలో మొదటిసారి ఒక కార్మికురాలిని, నిద్రపోలేదన్న కారణానికి మందలించాడు. నిద్రమాత్ర వేద్దామా అన్న ప్రతిపాదన వచ్చింది గాని, కళ్ళు మూసుకుంటే చాలని కమిషనర్ గారు తేల్చారు. యాప్ తెరిచిన కళ్ళని తీసుకోదు, మూసిన కళ్ళు ఏవైనా దానికి ఒకటే.

మే డే వచ్చింది. ఆ పండగ కోసం మా కార్మికులు వారం రోజులుగా పడ్డ పాట్లు చూస్తే చికాగో వాళ్ళు మళ్ళీ రోడ్డెక్కేవారు. సున్నం వేశారు, గుంజలు పాతారు, కుర్చీలు మోశారు, ఆర్.డి. గారి కోసం రెండు పెద్ద కూలర్లు ఎత్తుకొచ్చారు. మైదానం శుభ్రంగా ఊడ్చేది అసిరమ్మ ఒక్కతేనని వైకుంఠరావుకి గట్టి నమ్మకం. అందుచేత ఆమె ముందురోజు సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, తను విశ్రాంతి తీసుకోబోయే స్థలాన్ని తనే ఊడ్చుకుంది.

తొమ్మిది గంటలకి ఆమెను కొత్త చీరలో మంచం మీద పడుకోబెట్టారు. రెండు కూలర్ల గాలీ ముందు ఆమెను దాటి ఆర్.డి. గారి మీదికి వెళ్తోంది. పిల్లలు ప్రార్థన గీతం మొదటి చరణం పూర్తి చేసేసరికి ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. రెండో చరణానికి సన్నని గురక. నిద్ర సుఖమెరగదంటారు గాని, ఆ పరుపూ ఆ గాలీ ఆమె ఒంటికి బాగానే తెలిసినట్టున్నాయి. వైకుంఠరావు ఫోటో తీసి యాప్‌లో పెట్టాడు. అందులో గడియారం తిరగడం మొదలుపెట్టింది.

పదకొండు అయ్యింది. వైకుంఠరావు ఆమెను లేపడానికి రెండడుగులు వేశాడు. ఆర్.డి. గారు చెయ్యెత్తారు.

"ఏం చేస్తున్నారు?" అన్నారు గుసగుసగా.

"కార్యక్రమం అయిపోవచ్చింది సార్, లేపుదామని."

"ఉత్తర్వు చదివారా? నిరంతరాయ నిద్ర. ఎనిమిది గంటలు. అంతరాయం కలిగించిన అధికారిపై చర్య. యాప్ నేరుగా రాజధానిలో కనిపిస్తుంది. గడియారం మధ్యలో ఆగితే ముందు మీరు, తర్వాత మీ కమిషనర్, ఆ తర్వాత నేను."

ఆయన చెప్పిన వరసలో నేను లేనందుకు సంతోషించాను. కమిషనర్ గారు మాత్రం కూర్చుండిపోయారు. స్ఫూర్తి కాస్తా నిబంధన అయిపోయింది.

ఆ క్షణం నుంచి సంతరాయవలసలో మే డే నిశ్శబ్దంగా జరిగింది. మైకు కట్టేశారు. బ్యాండు మేళం వాళ్ళని వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు. ఆర్.డి. గారి ఉపన్యాసం ఇంకా మిగిలి ఉంది. దాన్ని ఆయన కమిషనర్ గారి చెవిలో చెప్పారు. సామూహిక సెలవు చీటీల ఘట్టం దగ్గర కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయి. ఆర్.డి. గారి కిళ్ళీ ఘాటు వల్లనని వైకుంఠరావు తరవాత నాతో అన్నాడు. సభికులు చప్పట్లకి బదులు చేతులు గాలిలో ఆడించారు. ఒక కాకి వచ్చి మంచం కోడు మీద వాలితే, కమిషనర్ గారు చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, తువ్వాలుతో దానికి నమస్కారం లాంటిదేదో చేసి పంపించారు.

భోజనాలు వండి ఉన్నాయి. గిన్నెల మూతలు తీస్తే చప్పుడవుతుందని తియ్యనివ్వలేదు. కుర్చీలు జరపొద్దన్నారు, గుంజలు ముట్టుకోవద్దన్నారు, చీపురు పట్టొద్దన్నారు. ఏ పనీ చెయ్యనివ్వకపోయేసరికి కార్మికులంతా షామియానా వెనక నీడలో వరసగా ఒరిగి నిద్రపోయారు. ఆ విధంగా ఉత్తర్వు అక్షరాలా అమలైంది. అది ఎవరూ గమనించలేదు, ఫోటో కూడా తియ్యలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్లు ఆగిపోయాయి. అసిరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. ఆమె కనురెప్పలు కదిలాయి. మజ్జిగ కుండ దగ్గరి తాటాకు విసనకర్రని వైకుంఠరావు పరుగున తెచ్చి కమిషనర్ గారి చేతికిచ్చాడు, కమిషనర్ గారు భక్తితో ఆర్.డి. గారికి విసరబోయారు. "నాకు కాదయ్యా, ఆవిడకి," అని ఆర్.డి. గారు దాన్ని లాక్కుని తనే విసరడం మొదలుపెట్టారు. ఆయన చెయ్యి నొప్పి పుట్టాక కమిషనర్ గారు, ఆ తర్వాత వైకుంఠరావు, మళ్ళీ మొదటినుంచి. ఆ గంట ఫోటోలో పై అధికారి విసురుతున్నారు, అసిరమ్మ నిద్రపోతోంది. మా శాఖ తీసిన ఫోటోలన్నిటిలో నిజం ఉన్నది అదొక్కటే అని నా అభిప్రాయం.

ఎండ తగ్గుముఖం పట్టే వేళకి గౌరి వచ్చింది. తలలో కనకాంబరాలు, చేతిలో పసుపు రాసిన అగ్గిపెట్టె. వేదిక చుట్టూ కట్టిన తాడు దగ్గర వైకుంఠరావు ఆపాడు.

"మా యమ్మని లేపండి బాబూ. పొద్దున్న పదకొండుకే పంపిత్తామన్నారంట. ఇంటికాడ సూసి సూసి వచ్చినాను."

కమిషనర్ గారు వేదిక దిగి వచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. "అమ్మా, మీ అమ్మగారు ఇప్పుడు ప్రభుత్వ నిద్రలో ఉన్నారు. మధ్యలో లేపే అధికారం నాకు లేదు."

"నిద్దరోతంది మా యమ్మే కదా?"

"మనిషి మీ అమ్మే. నిద్ర మాత్రం కార్మికలోకానిది."

గౌరి తాడుకి ఇవతల నేల మీద కూలబడింది. తల్లి వైపు చూసింది. నిద్రలో అసిరమ్మ మొహం నున్నగా, ఎవరో వేరే మనిషిది లాగా ఉంది. "మా యమ్మ ఇలగ తొంగోడం నానెప్పుడూ సూణ్ణేదు," అంది గౌరి. కోపంగా మొదలుపెట్టిన మాట కోపంగా ముగియలేదు. తరవాత అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని, "ముహూర్తం దాటిపోతే పోనీ. తొంగోనీయండి," అని మొహం తిప్పుకుంది.

నాకు నిజంగా ఒళ్ళు మండింది. తల్లికి నిద్ర, కూతురికి పొయ్యి. మనిషికి ఏనాడో దక్కాల్సిన రెండు చిన్న విషయాల్ని ఒకదానికొకటి అడ్డం పెట్టడం మా శాఖకి తప్ప ఎవరికి చేతనవుతుంది?

అయిదింటికి వైకుంఠరావు ఫోన్ "నిద్ర సంపూర్ణం, అభినందనలు" అని చూపించింది. అందరూ లేచి నిలబడ్డారు. అసిరమ్మ మాత్రం లేవలేదు.

"లేపండి సార్," అన్నాను.

"ఎలా లేపుతాం? గడువుకి ముందు లేపితే చర్య అని ఉంది. గడువు దాటాక ఎవరు లేపాలో లేదు," అన్నారు కమిషనర్ గారు.

"లేనిదాన్ని చెయ్యడం ఉన్నదాన్ని మానడం కంటే ప్రమాదం," అన్నారు ఆర్.డి. గారు.

ఇద్దరూ స్పష్టత కోరుతూ పైకి ఫోన్ చేశారు. అవతల ఎవరూ ఎత్తలేదు. మే డే కదా, సెలవు.

నేను వెళ్ళి తాడు పైకెత్తి పట్టుకున్నాను. నా సర్వీసులో నేను ఉత్తర్వు లేకుండా చేసిన పని అదొక్కటే. గౌరి వంగి లోపలికి వెళ్ళి, మంచం దగ్గర కూర్చుని, మామూలు గొంతుతో, "అమ్మా, పొయ్యెలిగించాల," అంది.

అసిరమ్మ చటుక్కున లేచి కూర్చుంది. ఎర్రబడిన ఎండనీ, షామియానానీ, చేతిలో విసనకర్రతో నిలబడ్డ కమిషనర్ గారినీ చూసి బెదిరిపోయింది. "పొద్దెక్కీసినాది, రోడ్డు ఊడవనేదు," అంటూ మంచం కింద చీపురు కోసం తడిమింది. వైకుంఠరావు దాన్ని ముందే దాచేశాడు.

"వద్దు తల్లీ. ఇప్పటినుంచి ఎనిమిది గంటలు నీ సొంత ఇష్టం. దానికి కూడా ఫోటో పెట్టాలి. నీ ఇష్టమేంటో తొందరగా చెప్పు," అన్నారు ఆర్.డి. గారు.

"పొయ్యికాడికెళ్ళాల బాబూ."

అయిదున్నరకి ఎంతో సమయం లేదు. ఊళ్ళో ఒక్క ఆటో లేదు, డ్రైవర్లంతా జెండా ఎగరేసి ఊరేగింపుకి పోయారు. సొంత ఇష్టానికి ఆటంకం కలిగితే ఏ చర్య ఉందోనన్న భయంతో ఆర్.డి. గారు తన కారు తలుపు తనే తీశారు. తల్లీ కూతుళ్ళు వెనక కూర్చున్నారు, ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనకాల మా జీపు, దాని వెనక మూగబోయిన వాయిద్యాలతో బ్యాండు మేళం.

బస్టాండు రోడ్డులో, రోజూ తను ఊడ్చే చోటే, అసిరమ్మ పసుపు అగ్గిపెట్టె తీసి పొయ్యి వెలిగించింది. మొదటి పుల్ల ఆరిపోయింది, రెండోది అంటుకుంది. గౌరి ఆ మంటని చూస్తూ నిలబడింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇక పరవాలేదన్నారు గనుక బ్యాండు వాళ్ళు పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి వాయించారు.

మొదటి వాయి దిగింది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళ మీదున్న అధికార గణం బండి చుట్టూ మూగింది. అసిరమ్మ చెంగు బిగించి ఇడ్లీలు వడ్డించబోతే వైకుంఠరావు అడ్డుపడ్డాడు.

"సార్, వడ్డించడం పని కిందికి వస్తుంది. ఇష్టం గంటల్లో పని చేయిస్తే నిబంధన ఉల్లంఘన."

"నా ఇష్టం అదే బాబూ," అంది అసిరమ్మ.

కమిషనర్ గారు ఇబ్బందిలో పడ్డారు. ఇష్టంగా చేసే పని పనా, ఇష్టమా? మా కార్యాలయంలో ఇంతవరకు అలాంటి సందర్భం రాలేదు. "త్రినాథరావ్, స్పష్టత కోరుతూ పైకి రాయి. ఈలోగా రెండు ప్లేట్లు తీసుకో," అన్నారు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కాని ప్రభుత్వంలో ప్రతి పండగకీ తరవాత ఒక ఆడిట్ ఉంటుంది.

ఆడిట్ వాళ్ళు ఇలా తేల్చారు. సదరు కార్మికురాలు కమిషనర్ ఉత్తర్వుల మేరకు, నిర్దేశించిన స్థలంలో, అధికారుల పర్యవేక్షణలో నిద్రించింది గనుక అది విధి నిర్వహణ. విధి నిర్వహణలో నిద్రించుట శిక్షార్హం. ఆమెను మేలుకొని కనిపెట్టుకున్న అధికారులు సెలవు దినమున పనిచేశారు గనుక వారికి ప్రత్యామ్నాయ సెలవు ఇవ్వవలెను. ఇక ఆమె నిద్ర విధి కిందికి పోయినందున, ఆమెకు రావలసిన ఎనిమిది గంటల విశ్రాంతి ఇంకా రావలసే ఉన్నది.

కమిషనర్ గారూ వైకుంఠరావూ సెలవు మీద వెళ్ళారు. వెళ్ళేముందు అసిరమ్మకి మెమో టైపు చెయ్యమన్నారు. చేశాను. సిగ్గేసింది, అయినా చేశాను. దాన్ని నేనే పట్టుకెళ్ళి చదివి వినిపించి, సంజాయిషీ చెప్పమన్నాను.

"ఔను బాబూ, తొంగున్నాను," అందామె చీపురు ఆపకుండా. "బాగా తొంగున్నాను."

అదే రాసి పంపాను. ఇలాంటిది పునరావృతం కాకూడదని హెచ్చరించి ఫైలు మూసేశారు. రావలసిన విశ్రాంతి మళ్ళీ ఎప్పుడిస్తారో ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది మే డేకి కొత్త ఉత్తర్వు వచ్చింది. కిందటి ఏటి అనుభవాల దృష్ట్యా, కార్మికులకు విశ్రాంతిలో తగినంత నైపుణ్యం లేదని గుర్తించడమైనది. ఇకపై కార్మికుల తరఫున ప్రతినిధి నిద్రను అధికారులే స్వయముగా నిర్వర్తించవలెను. దీనికి ప్రత్యేక ఏర్పాట్లు ఏమైనా కావాలా అని కమిషనర్ గారు అడిగారు. కుర్చీలు ఉన్నాయి, తువ్వాళ్ళు ఉన్నాయి, ఏమీ అక్కర్లేదన్నాను.

మే ఒకటి పొద్దున్నే గౌరి బండి దగ్గరికి వెళ్ళాను. అసిరమ్మ చీపురు గోడకానించి, కూతురు ఆకులో పెట్టిచ్చిన వేడి ఇడ్లీ నిలబడే తింటోంది.

"ఈ యేడు ఎవలు తొంగుంతన్నారు బాబూ?" అని అడిగింది.

"మేమే అసిరమ్మా. మీ అందరి తరఫునా."

ఆమె నవ్వలేదు. ఆకు పారేసి, చెయ్యి కడుక్కుని, చెంగు బిగించి చీపురు అందుకుంది.

"అలగైతే కొత్తేటీ నేదన్నమాట," అని బస్టాండు వైపు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.